వీసా యజమాని చేతిలో, అప్పు కుటుంబం నెత్తిన

అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం సంపాదించడాన్ని తెలుగు సమాజం ప్రధానంగా ప్రతిభకు సంబంధించిన విషయంగానే చూస్తుంది. మంచి కోర్సు, మంచి విశ్వవిద్యాలయం, దానికి తోడు కాస్త అదృష్టం ఉంటే చాలునని తల్లిదండ్రులూ, కోచింగ్ కేంద్రాలూ, చివరకు పత్రికలూ నమ్ముతూ వచ్చాయి. ఆ దేశపు వలస చట్టాల నిర్మాణాన్ని పరిశీలిస్తే మాత్రం, ఉద్యోగార్థి అక్కడ ముందుగా వెతుక్కోవలసి వస్తున్నది తన తరఫున ప్రభుత్వానికి అర్జీ పెట్టగల సంస్థనని తేలుతుంది. పని ఇచ్చే సంస్థా, అర్జీ పెట్టే సంస్థా ఒకటే అయినప్పుడు చిక్కు లేదు. అవి వేరైనప్పుడు ఏర్పడే ఎడంలో ఒక పెద్ద వ్యాపారం పుట్టి, పాతికేళ్లకు పైగా తెలుగు జిల్లాల పొదుపు మీద బతుకుతోంది.

1990 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంతో ఏర్పడిన హెచ్-1బీ, కనీసం డిగ్రీ స్థాయి ప్రత్యేక పరిజ్ఞానం అవసరమైన పనులకు విదేశీయులను తాత్కాలికంగా నియమించుకునేందుకు ఉద్దేశించిన వీసా. మొదట మూడేళ్లకు, పొడిగింపుతో ఆరేళ్లకు చెల్లే ఈ వీసాకు దరఖాస్తు చేసే హక్కు ఉద్యోగికి లేదు. నియమించుకోదలచిన సంస్థ ముందుగా కార్మిక శాఖకు లేబర్ కండిషన్ అప్లికేషన్‌ను, అంటే ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న వేతనానికి తగ్గకుండా జీతం ఇస్తామన్న హామీ పత్రాన్ని సమర్పించి, ఆ తర్వాత వలస సేవల విభాగం ముందు పిటిషన్ వేయాలి. ఏటా దొరికే కొత్త వీసాలు 65,000 కాగా, అమెరికాలోనే మాస్టర్స్ పట్టా పొందినవారికి 2004 నాటి చట్టం మరో 20,000 కేటాయించింది. అర్జీలు అంతకు మించితే లాటరీ తీస్తారు. విశ్వవిద్యాలయాల కొలువులకు ఈ పరిమితి వర్తించదు గానీ, సాఫ్ట్‌వేర్ రంగంలో అటువంటివి అరుదు. ఇటీవలి సంవత్సరాల్లో ఆమోదం పొందిన పిటిషన్లలో 70 శాతానికి పైగా భారతీయులవే.

ఎడం ఎక్కడ ఏర్పడుతుందో ఇక్కడ చూడాలి. ఒక అమెరికన్ బ్యాంకో, బీమా కంపెనీయో, రాష్ట్ర ప్రభుత్వ శాఖో ఒక ప్రాజెక్టు కోసం ఆరు నెలలకో ఏడాదికో మనిషి కావాలనుకుంటుంది. అంత స్వల్పకాలపు పనికి పిటిషన్ వేసి, లాటరీ ఫలితం కోసం నెలల తరబడి ఎదురుచూసే ఓపిక దానికి ఉండదు. క్లయింట్ అని పిలిచే ఈ సంస్థ తన అవసరాన్ని ఒక పెద్ద వెండర్‌కు చెబితే, ఆ వెండర్ చిన్న వెండర్లకు పంపుతుంది. చిట్టచివరి మెట్టు మీద, అప్పటికే మనుషులకు వీసాలు చేయించి ఉంచుకున్న కన్సల్టెన్సీ కనిపిస్తుంది. క్లయింట్ గంటకు చెల్లించే రేటులో ప్రతి మెట్టు దగ్గరా కొంత ఆగిపోగా మిగిలినది పని చేసినవాడికి చేరుతుంది. ఒక ప్రాజెక్టు ముగిసి మరొకటి దొరికేదాకా ఖాళీగా ఉండడాన్ని బెంచ్ అంటారు. ఆ కాలానికి కూడా జీతం ఇవ్వవలసిందేనని, పిటిషన్ ఖర్చులు ఉద్యోగి నెత్తిన వేయకూడదని చట్టం స్పష్టంగానే చెబుతోంది. అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఈ రెండు నియమాలు ఎలా అమలవుతున్నాయో తెలియనివారు తక్కువ.

చైనా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ ఈ వ్యవస్థను 2007లో వెలువడిన తన 'గ్లోబల్ బాడీ షాపింగ్' గ్రంథంలో హైదరాబాద్ నుంచి సిడ్నీ దాకా వెంబడించి పరిశీలించాడు. కోస్తా ఆంధ్ర వ్యవసాయంలో పోగుపడిన మిగులు, కట్నం రూపంలో చేతులు మారే సొమ్ము, సాఫ్ట్‌వేర్ శిక్షణకూ వీసా ఖర్చులకూ పెట్టుబడిగా మారే తీరును ఆయన వివరంగా చూపించాడు. ప్రపంచీకరణ అనగానే సరిహద్దులు చెరిపేసే కంప్యూటర్ తెర గుర్తొచ్చే రోజుల్లో, ఆ తెర వెనుక ఊరి పొలమూ, పెళ్లి సంబంధమూ ఉన్నాయని చెప్పడానికి బయటి పరిశోధకుడు రావలసి వచ్చిందన్నది గమనించదగ్గ విషయం. కట్నం లెక్క అందరికీ తెలిసినదే అయినా దాన్ని ఆర్థిక శాస్త్రంలో భాగంగా చూసే అలవాటు ఇక్కడ లేదు.

ఈ వ్యవస్థకు బలం వచ్చిన కాలం 2000 సంవత్సరానికి కాస్త అటూ ఇటూ. తేదీల్లో సంవత్సరాన్ని రెండంకెలతో మాత్రమే నమోదు చేసిన పాత ప్రోగ్రాములను సరిచేయవలసిన వై2కే గండం అమెరికన్ సంస్థలకు వేల సంఖ్యలో ప్రోగ్రామర్ల అవసరాన్ని తెచ్చింది. అమెరికా కాంగ్రెస్ వీసాల పరిమితిని పెంచుతూ పోయి, 2001 నుంచి 2003 వరకు ఏటా 1,95,000కు చేర్చింది. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలు వరుసగా తెరుచుకున్నాయి. హైదరాబాద్‌లోని అమీర్‌పేట, అమెరికన్ క్లయింట్లు ఏది అడిగితే దాన్ని కొన్ని వారాల్లో నేర్పే బజారుగా ఎదిగింది. మెయిన్‌ఫ్రేమ్ పోయి జావా, ఆ తర్వాత శాప్, డేటా కోర్సులు వచ్చాయి. అక్కడి బోర్డులను ఏళ్ల వారీగా రాసి పెట్టుకుంటే అమెరికన్ కార్పొరేట్ సాంకేతిక చరిత్రకు అది నమ్మదగిన సూచిక అయి ఉండేది.

లాటరీలో పోటీ ఎంతవరకు నిజమైన గిరాకీ, ఎంతవరకు మధ్యవర్తుల సృష్టి అన్న ప్రశ్నకు ఇటీవలి అంకెలే జవాబు చెబుతున్నాయి. 2020 నుంచి సంస్థలు పూర్తి పిటిషన్‌కు ముందు కేవలం 10 డాలర్ల రుసుముతో అభ్యర్థి పేరు నమోదు చేసే పద్ధతి వచ్చింది. ఒకే మనిషి పేరును అనేక కన్సల్టెన్సీలు నమోదు చేయడంతో, 2024 ఆర్థిక సంవత్సరపు లాటరీకి అర్హమైన నమోదులు 7,58,994కు చేరగా, వాటిలో 4,08,891 ఒకటికి మించి నమోదులున్న అభ్యర్థులవి. ఎన్ని సంస్థలు నమోదు చేసినా మనిషిని ఒక్కసారే లెక్కించే విధానం మరుసటి ఏడాది అమల్లోకి రాగానే అర్హమైన నమోదుల సంఖ్య 4,70,342కు, రుసుమును 215 డాలర్లకు పెంచాక 3,43,981కు పడిపోయింది. కోరిక తగ్గి అంకె తగ్గిందనుకోవడం కన్నా, కోరిక మీద పేర్చిన అంతస్తులు కూలాయనుకోవడమే సబబు.

పిటిషన్ యజమానిది కావడం వల్ల కలిగే అసలు నష్టం ఉద్యోగం దొరికాక మొదలవుతుంది. 2000 నాటి చట్టం ఉద్యోగం మారే వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. కొత్త సంస్థ పిటిషన్ దాఖలు చేసిన వెంటనే అక్కడ పనిలో చేరవచ్చు. కానీ ఉద్యోగం పోయినవాడికి అలాంటి మరో సంస్థను వెతుక్కోవడానికి మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. శాశ్వత నివాసానికి ఇచ్చే గ్రీన్ కార్డు సైతం సాధారణంగా యజమాని అర్జీ మీదే ఆధారపడుతుంది. ఉద్యోగ ప్రాతిపదికన ఏటా ఇచ్చే సుమారు 1,40,000 కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి దక్కకూడదన్న నియమం వల్ల, భారతీయుల వరుస దశాబ్దాలకు సాగింది. బెంచ్ కాలపు జీతం ఎగ్గొట్టిన యజమాని మీద ఫిర్యాదు చేయడమంటే ఆ వరుసలో తన చోటును పణంగా పెట్టడమే కనుక, చట్టంలో ఉన్న రక్షణ చాలామందికి కాగితం మీదే మిగిలిపోతుంది. కుటుంబ సభ్యుల హోదా మరీ పలుచనిది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథాలో ఇంజినీర్ కూచిభొట్ల శ్రీనివాస్ జాతి విద్వేషపు కాల్పులకు బలైనప్పుడు, భర్త మరణంతోనే సునయన దుమాల అక్కడ నివసించే హక్కును కోల్పోయారు. అంత్యక్రియలకు భారత్ వచ్చిన ఆమె తిరిగి అమెరికా వెళ్లడానికి అక్కడి ప్రతినిధుల సభ సభ్యుడొకరు జోక్యం చేసుకోవలసి వచ్చింది.

2025 సెప్టెంబరు 19న వెలువడిన అధ్యక్ష ప్రకటన కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము విధించినప్పుడు, తెలుగు పత్రికలు దాన్ని తలుపులు మూసుకుపోవడంగా వర్ణించాయి. అక్టోబరులో వచ్చిన వివరణ ప్రకారం, అప్పటికే అమెరికాలో విద్యార్థిగా ఉండి హెచ్-1బీకి మారేవారికి ఈ రుసుము వర్తించదు. అంటే హైదరాబాద్‌లో పనిచేస్తున్న అనుభవజ్ఞుణ్ణి ఒక సంస్థ నేరుగా తీసుకువెళ్లే దారి దాదాపు మూతపడి, మాస్టర్స్ చదువు మీదుగా వెళ్లే దారి మాత్రం తెరిచి ఉంది. మొదటి దారిలో ఖర్చు యజమానిది. రెండో దారిలో ఖర్చు విద్యార్థి తండ్రిది, ఆయన తాకట్టు పెట్టిన ఇంటిది. వలసను కట్టడి చేస్తున్నామన్న పేరుతో ప్రవేశ రుసుమును సంస్థల మీద నుంచి కుటుంబాల మీదకు మార్చిన చర్యగా దీన్ని చదవడం సముచితం.

చదువు మీదుగా వెళ్లే దారి ఎంత విశాలమైందో చెప్పడానికి, 2023-24లో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి చైనాను దాటిందన్న ఒక్క వాస్తవం చాలు. చదువు పూర్తయ్యాక ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్ కింద, వాడుకలో ఓపీటీ కింద, 12 నెలలు పనిచేయవచ్చు. సైన్స్, సాంకేతిక పట్టాలున్నవారికి మరో 24 నెలలు కలుస్తాయి. లాటరీలో మూడు నాలుగుసార్లు పేరు వేయించుకోవడానికి ఈ వ్యవధి సరిపోతుంది. అయితే మొదటి దశలో 90 రోజులకు మించి నిరుద్యోగిగా ఉంటే హోదా పోతుంది. ఆ గడువు దగ్గరపడుతున్న కొద్దీ జీతం లేకుండానైనా ఉద్యోగిగా చూపించే కన్సల్టెన్సీలో చేరడం, లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాయించుకోవడం, ఇంటర్వ్యూలో తన బదులు మరొకరిని మాట్లాడించడం జరుగుతున్నాయి. వీటిని నైతిక పతనమని తిట్టడం సులువు. నలభై లక్షల అప్పున్న ఇరవై మూడేళ్ల యువకుడి ముందు ఆ తొంభై రోజులు ఏమేం ప్రత్యామ్నాయాలు మిగిల్చాయన్నది కూడా అడగాలి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం వీసా మోసం ఆరోపణలతో మూతపడి, విద్యార్థుల చీలమండలకు నిఘా పరికరాలు తగిలించినప్పుడూ, 2019లో అమెరికా ప్రభుత్వ అధికారులే వల పన్ని నడిపిన ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడినప్పుడూ, చిక్కుకున్నవారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండడానికి కారణం ఈ అవసరమే. 2026 నుంచి లాటరీలో అధిక వేతన శ్రేణులకు ఎక్కువ అవకాశమిచ్చే నిబంధన వచ్చింది కనుక, కొత్త పట్టభద్రుల మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

అనుమతి పత్రం యజమానిది కాక మనిషిది అయినప్పుడు ఏమవుతుందో 2023 జులైలో కెనడా అనుకోకుండా నిరూపించింది. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవారికి ఏ సంస్థలోనైనా పనిచేయగల మూడేళ్ల పర్మిట్లు 10,000 ఇస్తామని ప్రకటిస్తే, దరఖాస్తులు రెండు రోజులు తిరగకముందే నిండిపోయాయి. జర్మనీ 2000లో ఐటీ నిపుణులకు ఐదేళ్ల ప్రత్యేక అనుమతి ఇచ్చినప్పుడు, పిల్లల్ని కనండి గానీ భారతీయుల్ని తేవద్దన్న అర్థంలో అక్కడ ఎన్నికల ప్రచారం నడిచింది. అదే దేశం 2024 జూన్ నుంచి ఆపర్చునిటీ కార్డు పేరుతో, చదువు, వయసు, భాష, అనుభవాలకు పాయింట్లు లెక్కగట్టి, ఉద్యోగం చేతిలో లేకపోయినా ఏడాది పాటు అక్కడే ఉండి వెతుక్కునే వీలు కల్పించింది. నిపుణులకిచ్చే బ్లూ కార్డు ఉన్నవారు మొదటి ఏడాది ఉద్యోగం మారేటప్పుడు ముందస్తు అనుమతి అక్కరలేదు, అధికారులకు తెలియజేయాలి. జర్మనీలో జీతం అమెరికా స్థాయిలో ఉండదు, పన్నులు ఎక్కువ, జర్మన్ రాకుండా చిన్న పట్టణాల సంస్థల్లో నెగ్గుకురావడం కష్టం. ఆ లెక్కలన్నీ వేసుకున్నాక కూడా, మధ్యవర్తికి చోటు తక్కువగా ఉన్న వ్యవస్థ అదే.

అమెరికా చట్టాన్ని మార్చడం తెలుగువారి చేతిలో లేదు. ఇటువైపు కొసను సరిచేసుకోవడం ఉంది. పదో తరగతి పాసు కాని నిజామాబాద్ తాపీ మేస్త్రీ దుబాయ్ వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద వలస రక్షణాధికారి అనుమతి కావాలి, ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. అమలులో లోపాలున్నా ఆ మేస్త్రీకి కనీసం ఒక చట్టం ఉంది. విద్యార్థి వీసా మీద డల్లాస్ వెళ్లే ఇంజినీరు ఆ చట్టం దృష్టిలో ఉద్యోగార్థే కాడు. అతడిని పంపే కన్సల్టెన్సీ విశ్వవిద్యాలయం నుంచి ఎంత కమిషన్ తీసుకుంటున్నదీ అతడికి చెప్పే బాధ్యత దానికి లేదు. పంజాబ్ 2012 నాటి చట్టం కింద ట్రావెల్ ఏజెంట్లతో పాటు విదేశీ వీసా సలహా సంస్థలనూ, భాషా శిక్షణ కేంద్రాలనూ లైసెన్సు కిందకు తెచ్చింది. విదేశీ చదువుల కోసం అంబేడ్కర్ విద్యానిధి కింద ఒక్కో విద్యార్థికి 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్న తెలంగాణ ప్రభుత్వమైనా, ఆ సొమ్ము చేరే కన్సల్టెన్సీల నుంచి కమిషన్ వివరాలనూ, అవి పంపిన విద్యార్థుల్లో ఓపీటీ కాలంలో జీతం ఉన్న ఉద్యోగం దొరికినవారి సంఖ్యనూ రాతపూర్వకంగా అడగడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు.