తమ్ముడికి ఏ బొమ్మల సెట్ కొనాలి?

బదిలీ అయిన ప్రతిసారీ మన ఇళ్లలో ముందుగా పోయేవి బొమ్మల సెట్లలోని చిన్న ముక్కలే. కొత్త క్వార్టర్స్‌లో పెట్టె విప్పితే కోట ఉంటుంది, తలుపు ఉండదు. అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పెద్ద ముక్కలు కొన్నే ఉన్న సెట్ మేలని నా అభిప్రాయం. మూడేళ్లలోపు వాళ్లయితే చిన్న ముక్కలు మింగేసే ప్రమాదం కూడా ఉంది. ఫ్యాక్టరీ బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పెట్టె మీద చూసి కొనాలి.

మరి ఏ పాత్ర? నేనైతే ఛోటా భీమ్ అంటాను. సూరత్‌కు కొత్తగా వచ్చిన మన పిల్లవాడికి గుజరాతీ రాదు, పక్కింటి పిల్లలకు తెలుగు రాదు. భీమ్, అతని లడ్డూ మాత్రం అందరికీ తెలుసు. ఆట మొదలవడానికి అది చాలు. (అన్నట్టు, ఆ భీమ్ పుట్టింది హైదరాబాద్ స్టూడియోలోనే!) పక్కింట్లో ఎవరికీ తెలియని పాత్ర ఎంత ఖరీదైనదైనా మూలన పడుతుంది.

కొండపల్లి దశావతారాల సెట్ సంగతి వేరు. తేలికైన పొణికి కర్రతో చేస్తారు కాబట్టి సామానులో బరువుండదు. చేతులు విరగవచ్చు, అందుకే కాస్త పెద్దయ్యాకే ఇవ్వాలి. అప్పుడు పక్కింటి పిల్లలు "యే కౌన్ హై?" అని అడుగుతారు. మనవాడు వచ్చీరాని హిందీలో కథంతా చెప్పాలి. ఆ పని ఛోటా భీమ్ చేయించలేడు.