అద్దాల బీరువాలో అర పాయింటు

గచ్చిబౌలిలో మా ఫ్లాటు హాల్లో ఒక అద్దాల బీరువా ఉంది. దాని నిండా మా ఆయన పదిహేనేళ్లుగా కొన్న పాత రేసుకార్ల నమూనాలు. జింకు మిశ్రలోహంతో పోత పోసినవి. కొన్ని అసలు కారులో పద్దెనిమిదో వంతు, కొన్ని నలభైమూడో వంతు. బానెట్ ఎత్తితే ఇంజను గొట్టాలు కూడా కనిపిస్తాయి.

ఇంటికొచ్చినవాళ్లు దాన్ని 'కలెక్షన్' అంటారు. మా అమ్మ సంక్రాంతికి కొలువు తీర్చే కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలేమో 'ఆడవాళ్ల సరదా'! అమ్మ తన బొమ్మల్ని తనే తుడిచి, పాతచీర ముక్కల్లో చుట్టి దాచుకుంటుంది. ఈ కార్ల దుమ్ము మాత్రం నేనో, పనమ్మాయో దులపాలి. చిన్న అద్దం ఊడితే మాటలు పడేదీ మేమే.

రేసంటే మగవాళ్లదే అనడం చరిత్రను తుడిచెయ్యడం. 1958లో మారియా తెరెసా డి ఫిలిప్పిస్ మజెరాటి 250ఎఫ్‌తో ఫార్ములా వన్ రేసు నడిపింది. మా బీరువాలో అదే కారుంది, కింద పేరు మాత్రం ఫాంజియోది. 1975 స్పెయిన్ గ్రాండ్‌ప్రిలో లెల్లా లొంబార్డి ఆరోస్థానంలో నిలిచింది. రేసు మధ్యలో ఆగిపోవడంతో దక్కింది అర పాయింటే. ఆ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పాయింటు పట్టికకెక్కిన స్త్రీ ఇప్పటికీ ఆమె ఒక్కతే. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగినప్పుడూ డ్రైవర్లందరూ మగవాళ్లే.

ఇష్టపడడం తప్పని నేననను. ఆ ఇష్టానికి చాకిరీ ఎవరు చేస్తున్నారన్నదే నా ప్రశ్న. మొన్న ఆదివారం బ్రష్షు ఆయన చేతికిచ్చి అడిగాను: "ఇన్ని కార్లలో లొంబార్డి కారేదండీ?"

జవాబింకా రాలేదు. దుమ్ము మాత్రం ఆయనే దులుపుతున్నారు.