దిగులు వాళ్ళకైతే పుస్తకం, మనకైతే బద్ధకమా?

ఈ వారం మనసు గురించి మాట్లాడుకుందాం. మన సభల్లో ఈ మాట ఎత్తితే 'అదంతా ఉన్నోళ్ళ రోగంలే' అని కొట్టిపారేసే పెద్దలున్నారు. వాళ్ళతో నాకు తగాదా ఉంది. ఎవరి మనసు చదవదగిందో, ఎవరిది కాదో ముందే తేల్చేసుకున్న చదువుల లోకంతో ఇంకా పెద్ద తగాదా ఉంది.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. ఆత్మకథ వైద్యాన్ని కూడా మార్చగలదు. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ అనే పేరుమోసిన మేధావి, ఆటిజానికి తల్లి ప్రేమ లేకపోవడమే మూలమన్న వాదంతో పుస్తకం వేశాడు. అదే ఏడాది క్లారా పార్క్ అనే తల్లి తన బిడ్డతో గడిపిన ఏళ్ళను 'ది సీజ్' పేరుతో రాసింది. ఆ సిద్ధాంతం తర్వాత కూలిపోయింది, తల్లి పుస్తకం నిలిచింది. 1986లో టెంపుల్ గ్రాండిన్ ఆటిజం లోపలి నుంచి ఎలా ఉంటుందో తానే చెప్పింది. 1990లో విలియం స్టైరన్ తన డిప్రెషన్ గురించి చిన్న పుస్తకం వేశాడు. ఇలాంటివి చదివి ఎన్నో కుటుంబాలు, ఎందరో థెరపిస్టులు తమ ముందున్న మనిషిని కొత్తగా చూడటం నేర్చుకున్నారు.

మరి అవి ఎవరు రాయగలిగారు? గ్రాండిన్ బోస్టన్‌లో కలిగిన ఇంట్లో పుట్టింది. మాటలు రాని పిల్లను ఏదో సంస్థలో పడేయాలన్న మాట తల్లి వినలేదు. మాటలు నేర్పే మనిషిని, ఆయాను పెట్టింది, ప్రైవేటు బడికి పంపింది. గ్రాండిన్ ప్రతిభను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆ ప్రతిభ బయటికి రావడానికి ఎంత ఖర్చయిందో లెక్క కట్టమంటున్నా.

అదే బిడ్డను జమ్మలమడుగు పక్కన ఒక మాదిగవాడలో ఊహించండి. అమ్మ తెల్లారకముందే శనగచేనికి కూలికి పోతుంది. పిల్లోడు మాట్లాడడు, పిలిస్తే పలకడు. సైకిల్ చక్రం గంటల తరబడి తిప్పుతుంటాడు, కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకొని అరుస్తాడు. ఒకరు గాలి సోకిందంటారు, ఒకరు తాయెత్తు కట్టిస్తారు, ఒకరు ప్రార్థన చేయిస్తారు. బడిలో 'వీళ్ళింతే, చదువు యాడొస్తుంది' అంటారు. పెద్ద కులం పిల్లోడు మాట్లాడకపోతే 'ఏమైంది?' అనే ప్రశ్న పుడుతుంది. మన పిల్లోడు మాట్లాడకపోతే జవాబు ముందే తయారుగా ఉంటుంది. డయాగ్నసిస్‌కు ముందే కులం ఇచ్చే డయాగ్నసిస్ అది. బెటల్‌హైమ్ అమెరికాలో ఓడిపోయాడు గానీ మన పేటల్లో బతికే ఉన్నాడు. 'తల్లి పట్టించుకోలే, అందుకే ఇట్లయ్యాడు' అనే ప్రతి నోటిలో ఉన్నాడు.

చట్టం లేదా అంటే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. దాన్ని కొలవడానికి మన దేశం వాడే 40 ప్రశ్నల కొలబద్ద తయారైంది సికింద్రాబాద్ జాతీయ సంస్థలోనే. ఆ తల్లి ఒక రోజు కూలి పోగొట్టుకొని సదరం శిబిరానికి పోతే ఒక శాతం చేతికొస్తుంది. 40 శాతం దాటితే పింఛను దారి తెరుచుకుంటుంది. 2024 జులై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. ఆ డబ్బు కావాలి, అది హక్కు. కానీ బిడ్డ చెవులు ఎందుకు మూసుకుంటున్నాడో ఆ శాతం చెప్పదు. చెప్పే పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, వాటిలో ఉన్న ఇల్లు మన ఇల్లు కాదు.

ఇక దిగులు. తెలుగు సాహిత్యం మనసును పట్టించుకోలేదని ఎవరూ అనలేరు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు మనసు కోసం ఒక నవలే రాశాడు. 'చివరకు మిగిలేది', 'అంపశయ్య' కూడా ఆ దారివే. వాటిని క్లాసులో ఇష్టంగానే చెబుతా. నా ప్రశ్న చదివే పద్ధతి మీద. సీతారామారావు పనీపాటా లేకుండా కుమిలిపోతే దాన్ని మనోవైజ్ఞానిక నవల అంటాం. దళిత రచన చేతికి రాగానే ఆకలి, ఆగ్రహం, అవమానం అని మూడు శీర్షికలు పెట్టి పరీక్ష రాయిస్తాం. ఆ పాత్రకు నిద్ర పట్టకపోవడం, మాట పడిపోవడం, లేవబుద్ధి కాకపోవడం మన కంట్లో పడవు.

ఇక్కడ మన వైపు ఉన్న భయమూ చెప్పాలి. 2015లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెలివేసింది. వాళ్ళు ఆరుబయట వెలివాడ కట్టుకొని పడుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. తర్వాత రూపన్‌వాల్ కమిషన్ కారణాలన్నీ అతని వ్యక్తిగతమేనని తేల్చి, యూనివర్సిటీని తప్పించింది. అంటే దిగులు అనే మాటను మన మీద కర్రలా వాడారు. అందుకే మనం ఆ మాటనే వదిలేశాం. వ్యవస్థ చేసిన హత్య అన్నాం. అది నిజం. కానీ తనలోని శూన్యం గురించి కూడా రోహిత్ తన ఉత్తరంలో రాశాడు. ఆ వాక్యాలను మనం దాటేసి చదివితే అతన్ని సగమే చదివినట్టు. కులమా, డిప్రెషనా అని ఎంచుకోమనడమే మోసం. టీబీకి పేదరికం తోడని తెలుసు గదా అని ఎవరైనా టీబీ మందు మానేస్తారా? పేదరికం మీద కొట్లాడుతూనే మందు మింగుతాం.

రోహిత్ ఫేస్‌బుక్ రాతలు 2017లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. మన దగ్గర ఆత్మకథ అంటే అట్లే పుడుతుంది, ఫోన్ తెర మీద, ముక్కలు ముక్కలుగా. కాబట్టి మొదలుపెడదాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల విద్యార్థులను అడుగుతున్నా. మీ వీధిలో అమ్మల మాటలు వాళ్ళ సీమ యాసలోనే రికార్డు చేయండి. ఒప్పుకుంటేనే చేయండి, పేర్లు బయట పెట్టకండి. అమ్మ మాటే బిడ్డ మాట అనుకోకండి. మాటలు లేని బిడ్డ ఏది చూసి నవ్వుతాడో, ఏది చూసి పారిపోతాడో అదీ రాయండి. దిగులు అనుభవించినవాళ్ళు రాస్తానంటే ముందుగా వినండి, దిద్దకండి. వాటిని ఎమ్మే సైకాలజీ, బీఈడీ క్లాసుల్లో చదివించమని అడుగుదాం. చీనీతోటలో కూలి చేసే తల్లి మాట వినకుండా థెరపిస్టు పట్టా ఎట్లా వస్తుంది?

ప్రభుత్వాన్ని అడిగేదీ ఉంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ళ క్యాంబెల్ ఆసుపత్రి మన తాతముత్తాతల ఒంటి జబ్బుకు తలుపు తెరిచింది. మనసుకు ఆ తలుపు సర్కారు తెరవాలి. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో, ప్రతి మండల భవిత కేంద్రంలో, మన యాస అర్థమయ్యే సైకాలజిస్టు వారం వారం కూర్చోవాలి. ఈ లోపల ఎవరికైనా బతుకు బరువైతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అది బలహీనత కాదు.

మన ఆకలి గురించి చాలా రాశాం. మన మనసు గురించి మనమే రాయాలి. లేకపోతే ఇంకో కమిషన్ వచ్చి రాసి పోతుంది.

జై భీమ్.