కొన్న ఆటకు రోజూ అనుమతా?

2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పు మీద జరిగిన నిరసన హింసకు దారితీసి, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ఒకటి రెండు రోజులే అనుకున్నది పొడిగిస్తూ పోగా దాదాపు రెండు వారాలు సాగింది. చివరికి మండలాల వారీగా విడతల్లో తిరిగి ఇచ్చారు. కరోనా నాటి నుంచి సొంతూళ్లలోనే ఉండి పని చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ అందే గోదావరి ఒడ్డుకూ, పక్క జిల్లాల ఊళ్లకూ పరుగులు పెట్టిన సంగతి అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఉద్యోగం, బ్యాంకు, చదువు ముందు వీడియో గేమ్ చిన్న విషయమే, కాదనను. అయితే ఆ చిన్న విషయం ఒక తేడాను పట్టిస్తుంది. నెట్ లేక ఉద్యోగి పని ఆగిందంటే కారణముంది. ఆ పని ఎక్కడో ఉన్న ఆఫీసుతో ముడిపడినది. డబ్బు కట్టి కొని, మొత్తం తన కంప్యూటర్లోకే దించుకుని, ఒక్కడే కూర్చుని ఆడుకునే ఆట నెట్ లేకపోతే ఎందుకు ఆగాలి?

కొన్ని ఆటలు నిజంగానే ఆగుతాయి. ఆట తెరవగానే అది కంపెనీ సర్వర్‌ను సంప్రదించి, ఈ ఖాతా మీద కొనుగోలు జరిగిందో లేదో సరిచూసుకుంటుంది. డీఆర్ఎం అని పిలిచే ఈ కాపీ రక్షణలో మెతక రకాలు ఒక్కసారి సరిచూసి వదిలేస్తాయి, మరికొన్ని కొన్నాళ్లకోసారి అడుగుతాయి. అన్నిటికన్నా కటువైనది ఆడుతున్నంతసేపూ అడుగుతూనే ఉంటుంది, జవాబు రాకపోతే ఆటను అక్కడికక్కడే నిలిపేస్తుంది. ఏళ్లతరబడి వందలమంది శ్రమించి చేసిన ఆట విడుదలైన పూటే ఉచితంగా పంచేస్తారన్న కంపెనీల భయంలో న్యాయముంది. కానీ ఆ కాపలా ఎవరి మీద పడుతోందో చూడాలి. క్రాక్ చేసిన కాపీలో ఈ తనిఖీ భాగాన్నే తీసేస్తారు, కనుక దాన్ని ఆడేవాడికి నెట్ ఉన్నా లేకున్నా ఒకటే. తనిఖీ మిగిలేది బిల్లు కట్టినవాడికే. దొంగను పట్టలేక ఇంటివాళ్లనే రోజూ గుమ్మం దగ్గర నిలబెట్టి సోదా చేసినట్టుంది వ్యవహారం.

ఈ పద్ధతి చరిత్ర కూడా అదే చెబుతోంది. 2010 మార్చిలో ఫ్రెంచి కంపెనీ యూబీసాఫ్ట్, కంప్యూటర్ మీద ఆడే అసాసిన్స్ క్రీడ్ 2, సైలెంట్ హంటర్ 5 ఆటలకు ఆడుతున్నంతసేపూ నెట్ ఉండాలన్న షరతు పెట్టింది. ఆ నెలలోనే దాని తనిఖీ సర్వర్ల మీద దాడి జరిగితే కొన్నవాళ్లు ఆడలేక ఊరకే కూర్చున్నారు. 2012 మే 15న డయాబ్లో 3 వచ్చిన రోజు సర్వర్లు తట్టుకోలేకపోయాయి. ఒంటరిగా ఆడుకుందామనుకున్నవాళ్లకు కూడా తెర మీద ‘ఎర్రర్ 37’ మాత్రమే కనిపించింది. 2013 మార్చిలో, ఎవరి నగరం వాళ్లు కట్టుకునే సిమ్‌సిటీ ఆట విషయంలోనూ ఇదే గొడవ. లెక్కల్లో కొంత భాగం తమ సర్వర్లే చేస్తాయి, నెట్ లేకుండా నడవదని తయారీదారులు వాదించారు. చివరికి కొన్నవాళ్లను శాంతింపజేయడానికి మరో ఆటను ఉచితంగా ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి, 2014 మార్చిలో, నడవదన్న ఆటకే ఆఫ్‌లైన్ సదుపాయం కల్పించారు. డయాబ్లో 3 కూడా 2013 సెప్టెంబరులో ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ గేమ్ యంత్రాల మీదికి వచ్చినప్పుడు నెట్ లేకుండానే ఆడింది. ఈ రెండు ఉదాహరణలతో ఒకటి తేలిపోతోంది. ఒంటరి ఆటకు నెట్ తప్పనిసరి చేయడం సాంకేతిక అవసరం కాదు, వ్యాపార నిర్ణయం.

ఆ నిర్ణయం తీసుకునేవాళ్లు నెట్ పోవడం అరుదైన నగరాల్లో ఉంటారు. గోదావరి డెల్టాలో పరిస్థితి వేరు. 2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో ఏపీ ఫైబర్‌నెట్‌ను అట్టహాసంగా ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు. అంత చవకగా పల్లెలకు చేర్చడానికి భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగారు. ఖర్చు దృష్ట్యా అది తెలివైన పనే. కానీ పెనుగాలికి స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ రెండూ కలిసే పోతాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. ఇలాంటి రోజుల్లో ఇన్వర్టర్ మీదో లాప్‌టాప్ బ్యాటరీ మీదో ఇంట్లో పిల్లలు కాసేపు ఆడుకోవచ్చు. అందుకు కావలసినవన్నీ ఇంట్లోనే ఉంటాయి, సర్వర్ ఒప్పుకోలు ఒక్కటి తప్ప. 2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ వన్ 24 గంటలకోసారి నెట్‌లో హాజరు వేయించుకోవాలని ప్రకటించి, గగ్గోలు పుట్టడంతో అదే నెల 19న వెనక్కి తగ్గింది. అలాంటి షరతు అమల్లో ఉంటే, మొబైల్ నెట్ తప్ప దిక్కులేని అమలాపురం ఇంట్లో ఆ యంత్రం 2022 మేలో రెండో రోజుకే మూలపడేది.

పైరసీని అడ్డుకోకపోతే పరిశ్రమ బతకదన్నది మొదటి అభ్యంతరం. పైరసీ దెబ్బ ఏమిటో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ సగానికి పైగా విడుదలకు ముందే నెట్‌లోకి లీకైంది. అయినా జనం థియేటర్లకు పోటెత్తి ఆ సినిమాను పెద్ద హిట్ చేశారు. పైరసీ వల్ల నష్టం లేదని దీనర్థం కాదు. దొరికిన దొంగ కాపీ కన్నా కొన్న టికెట్ మెరుగైన అనుభవం ఇస్తే జనం కొంటారని మాత్రం అర్థం. గేముల్లో జరుగుతున్నది దీనికి తలకిందులు. 2021లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ విలేజ్ కంప్యూటర్ కాపీలో రక్షణ ప్రోగ్రాముల మూలంగా ఆట తడబడేది, అవి తీసేసిన క్రాక్ కాపీ మాత్రం సాఫీగా నడిచేది. ఆ పోలిక బయటపడ్డాకే క్యాప్‌కామ్ సంస్థ సవరణ విడుదల చేసింది. యూబీసాఫ్ట్ కూడా నిత్యం నెట్ ఉండాలన్న షరతును కంప్యూటర్ ఆటలకు మానుకున్నామని 2012లో ప్రకటించింది. ఏ రక్షణా లేకుండా ఆటలు అమ్మే గాగ్ దుకాణం 2008 నుంచి నడుస్తూనే ఉంది.

ఈ రోజుల్లో నెట్ లేని ఇల్లెక్కడుంది, పదిమంది కలిసి ఆడేవాటికి సర్వర్ కావద్దా అన్నది రెండో అభ్యంతరం. కలిసి ఆడే ఆటకు సర్వర్ కావాలి, అందులో వివాదం లేదు. మోసగాళ్లను ఏరివేయడానికి నిఘా కూడా కావాలి. నా అభ్యంతరం ఒంటరి ఆటకూ అదే ముడి వేయడం మీదే. ఆ ముడి వేశాక మన నెట్ ఒక్కటీ బాగుంటే సరిపోదు, వాళ్ల సర్వర్ కూడా బతికి ఉండాలి. 2022 మార్చిలో నిర్వహణ పనుల్లో వచ్చిన లోపంతో గ్రాన్ టురిస్మో 7 సర్వర్లు ముప్పై గంటలకు పైగా ఆగిపోతే, నెట్ నిక్షేపంగా ఉన్న దేశాల్లో కూడా ఒంటరి ఆటలో చాలా భాగం మూతపడింది. 2014లో అమ్మిన ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న శాశ్వతంగా ఆపేయడంతో, ఒంటరిగా ఆడుకునే కథ సహా ఆట మొత్తం పోయింది. దాని మీద పుట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి 2025 జూలైకల్లా యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అమ్మేది వస్తువు కాదు, వాడుకునే లైసెన్సు మాత్రమేనని కొనేముందే స్పష్టంగా చెప్పాలన్న కాలిఫోర్నియా చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

షరతులు నచ్చకపోతే కొనకండి అనే మాటకు మన చట్టంలోనే జవాబుంది. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు కల్పించే షరతును 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాల్లో లెక్కిస్తుంది. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 65ఎ సెక్షన్ కూడా హక్కులు కాజేసే ఉద్దేశంతో రక్షణను ఛేదిస్తేనే శిక్ష అంటుంది. కొన్న ఆటను ఆడుకోవాలనుకునేవాణ్ణి అది దొంగగా చూడదు. కానీ క్రాక్ చేసుకోవడం కొనుగోలుదారు పని కాదు. ఆ బాధ్యత అమ్మినవాడిది. ‘నెట్ లేకపోతే ఆడదు, సర్వర్ ఫలానా తేదీ దాకా ఉంటుంది’ అని ధర పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో రాయాలి. సర్వర్ ఎత్తేసే రోజు వస్తే ఒంటరి ఆట నడిచే సవరణన్నా ఇవ్వాలి, సొమ్మన్నా వాపసు చేయాలి. కాపీ రక్షణ కంపెనీ తన లాభం కోసం పెట్టుకున్నది. తుపానుకు తీగ తెగినా, ప్రభుత్వం నెట్ కట్టేసినా, సర్వర్ కూలినా ఆ రక్షణ వల్ల కలిగే నష్టం కూడా కంపెనీ ఖాతాలోనే పడాలి. ఆ లెక్క తమ మీద పడిన రోజున ఇన్ని ఒంటరి ఆటలకు నెట్ నిజంగా అవసరమా అని కంపెనీలే ఆలోచించుకుంటాయి.