ఆమె మాటే మొదటి సాక్ష్యం

గర్భిణి కడుపునొప్పి అంటే ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ ఒకటే జవాబు: 'ఈ నెలల్లో మామూలే'. జక్రాన్‌పల్లిలో బీడీలు చేసే స్త్రీకైతే ఇంకో మాట సిద్ధం: 'పొద్దంత వంగి కూసుంటే నొయ్యదా?'

అపెండిసైటిస్ ఈ 'మామూలే' వెనకే దాక్కుంటుంది. గర్భిణుల్లో దాన్ని గుర్తించడం కష్టమని డాక్టర్లు అంటారు. నిజమే. వికారం, వాంతులు గర్భంలోనూ ఉంటాయి. రక్తంలో తెల్లకణాలు ఎలాగూ పెరుగుతాయి. పెరిగే గర్భసంచి అపెండిక్స్‌ను పైకి నెడితే నొప్పి చోటు మారవచ్చు. ఇది 1932 నుంచీ వైద్యశాస్త్రంలో ఉన్న మాటే. మరి గుర్తులన్నీ తికమక పెడుతున్నప్పుడు, 'ఇది ఆ నొప్పి కాదు' అంటున్న మనిషి మాట మరింత శ్రద్ధగా వినాలి కదా!

'బిడ్డకు ప్రమాదం' అని ఆపరేషన్ వాయిదా వేస్తారు. అపెండిక్స్ పగలకముందు ఆపరేషన్ చేస్తే గర్భం పోయే ప్రమాదం సుమారు 5 శాతం లోపే. పగిలాక అది 20 శాతం దాటుతుంది. తల్లి మాట వినకపోతే నష్టపోయేది బిడ్డ కూడా. అల్ట్రాసౌండ్‌లో తేలకపోతే ఎమ్మారై ఉంది. కానీ ఆమెను నిజామాబాద్ పంపాలంటే ముందు ఎవరో ఒకరు ఆమెను నమ్మాలి.

మన సాహిత్యం కూడా గర్భిణి నొప్పికి మాతృత్వమనే ఒకే అర్థం ఇస్తూ వచ్చింది. ఆ కీర్తన ఇక చాలు. ఆమె చెప్పిన మాట ఆమె చెప్పినట్టే కేస్‌షీట్‌లో మొదటి వాక్యం కావాలి.