మొదటి మెట్టు మీద మహా ఆటగాడి పేరు

కర్రతో బంతిని కొట్టి ఆడే ఐరిష్ ఆట హర్లింగ్‌లో లోరీ మార్ పేరెత్తితే కిల్కెన్నీ కౌంటీ ఇప్పటికీ తలెత్తుకుంటుంది. 1899లో పుట్టిన ఈ టుల్లరోన్ రైతు 1932, 1933, 1935లలో అఖిల ఐర్లండ్ విజేత. అయినా జనం మరవనిది 1931 ఫైనల్‌ని. కార్క్‌తో రెండుసార్లు స్కోర్లు సమమయ్యాయి. పక్కటెముకలు విరిగి మూడో మ్యాచ్‌కి అతను దిగలేదు, జట్టు ఓడిపోయింది. జీతం కోసం కాదు, ఊరి పరువు కోసం ఆడిన మనిషి. 2009లో అట్టడుగు అంచె జట్లకోసం మొదలైన కప్పుకి అతని పేరే పెట్టారు. దీన్ని మించిన గౌరవం లేదని నా నమ్మకం. గొప్పవాడి పేరు ఉండాల్సింది శిఖరం మీద కాదు, మొదటి మెట్టు దగ్గర. ఎక్కాల్సినవాళ్లు ఉండేది అక్కడే.