తప్పు అమ్మ చెవులదా, మా హాలుదా?

డాలస్‌లో మా ఇంటికి వచ్చిన మూడో వారానికల్లా అమ్మ పొద్దున్నే పాటలు పెట్టడం మానేసింది. తెనాలిలో ఉన్నన్నాళ్లూ అన్నమయ్య కీర్తన వినందే కాఫీ గొంతు దిగేది కాదావిడకి. ఏమైందని అడిగితే, "రాగం తెలుస్తోందే, మాట తెలియట్లేదు. చెవులు పోయినట్టున్నాయి, ఇంకెందుకులే" అంది. ఆ 'ఇంకెందుకులే' దగ్గర నా గుండె కలుక్కుమంది.

మావారు ఇంకా పెద్ద స్పీకరు తెచ్చారు. దాంతో గోల పెరిగింది తప్ప మాట తేలలేదు. సరే, చెవులు చూపిద్దామని తీసుకెళ్లాను. గోడలకి మెత్తటి పలకలు తాపిన చిన్న గదిలో పరీక్ష చేసి, వయసుకి తగ్గట్టే ఉన్నాయి, మిషన్ అక్కర్లేదన్నారు. కారెక్కుతూ అమ్మ, "ఆ గదిలో నువ్వు మెల్లగా అన్నదీ ఎంచక్కా వినపడిందే! మీ ఇంట్లోనే వినపడదు" అంది.

అప్పుడు చూశాను మా హాలుని. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా తలెత్తి అబ్బో అన్న హాలే. 20 అడుగుల పొడవు, 18 వెడల్పు, రెండంతస్తుల ఎత్తు. కింద చెక్క నేల, ఒక వైపంతా అద్దాలు. తెనాలిలో అమ్మ పాటలు వినే గది ఇందులో ఆరో వంతుండదు. పైగా దాన్నిండా పరుపులు, బట్టల దండెం, బియ్యం బస్తా!

ఈ తంటా ఇవాళ్టిది కాదు. 1895లో హార్వర్డ్ వాళ్లకి ఫాగ్ మ్యూజియంలోని ఉపన్యాసాల గదితో ఇదే గొడవ. పలికిన మాట అయిదు సెకన్లకి పైగా మోగుతూనే ఉండేదట. వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడు దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు రాత్రిళ్లు మోయించుకొచ్చి, పరిచి, మోత ఎంతసేపటికి ఆగుతుందో గడియారం పెట్టి కొలిచేవాడు. తెల్లారేసరికి మెత్తలు మళ్లీ వాటి చోటికి. ఆయన తేల్చింది ఇదీ: గది పెద్దదయ్యే కొద్దీ మోత సాగుతుంది, మెత్తటివి పెరిగే కొద్దీ తగ్గుతుంది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ లెక్కతో కట్టిందే.

మన పాటలో అచ్చులు సాగుతాయి, హల్లులు చిటుక్కుమని అయిపోతాయి. ముందరి అచ్చు ఇంకా గదిలో తిరుగుతుండగానే హల్లు వచ్చి దాని కింద పడిపోతుంది. సౌండు పెంచితే ఆ మోతా అంతే పెరుగుతుంది. స్కూలు జిమ్‌లో దీపావళి ఫంక్షన్లప్పుడు స్టేజీ మీద ఏమన్నారో మనకెందుకు తెలియదో ఇప్పుడర్థమైందా? మీ హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి చూడండి. గణగణమని తోక సాగిందంటే మీదీ మా బాపతే.

కొత్త స్పీకరు వాపసు ఇచ్చేశాం. పాతదాన్ని మూల నుంచి తీశాం, మూలలో పెడితే మృదంగం బొయ్యిమంటుంది. దాన్ని అమ్మ కుర్చీకి నాలుగడుగుల దూరంలో పెట్టాం. కింద మందపాటి రగ్గు, అద్దాలకి బరువైన కర్టెన్లు. ఎదురుగోడకి, పాత చీరలతో అమ్మే కుట్టి తెచ్చిన రెండు బొంతలు. "గోడకి బొంతలేమిటి, ఎవరైనా చూస్తే?" అన్నారు మావారు. చూడనివ్వండి అన్నాను. మోత పూర్తిగా పోలేదు, అంత ఎత్తు ఎక్కడికి పోతుంది?

నిన్న పొద్దున కాఫీ కలుపుతుంటే హాల్లోంచి అమ్మ విసుగు: "ఈ పిల్లెవరే, చరణంలో 'ళ'ని 'ల' అంటోంది!"